పావియా రౌతులకు రంగులు వేద్దాం

యుద్ధపు ఆటల్లో వాడే చిన్న సైనికుల బొమ్మల్లో, కాల్బలానికి చకచకా రంగులేసేవాళ్లు కూడా గుర్రపు దళం పెట్టె తెరవగానే కాస్త జంకుతారు. జంకాల్సిన పనే. ఒక్కో బొమ్మలో రెండు బొమ్మలుంటాయి. ఇనుము, గుడ్డ, తోలు, వెంట్రుకలు, కర్ర అన్నీ అరచేతిలో సగం జాగాలోనే ఇమిడి ఉంటాయి. నేను మొదటిసారి చేసిన ఆరు గుర్రాలకూ తల నుంచి తోక దాకా వెండి రంగు పూసేశాను. కవచమే కదా, మెరవాలి కదా అనుకున్నాను. బల్ల మీద వరసగా నిలబెట్టి చూస్తే సైన్యంలా లేదు, స్టీలు సామాన్ల కొట్టులా ఉంది.

అప్పటి నుంచి నేను పట్టుకున్న సూత్రం ఒకటే. ఉక్కు చాలావరకు నల్లగా ఉంటుంది, మెరుపు అంచుల్లోనే. మిగతా అందమంతా గుడ్డది, గుర్రానిది. కింద చెప్పే పద్ధతి మొత్తం దీని మీదే నడుస్తుంది.

ఉదాహరణకు ఇటలీలోని పావియా దగ్గర జరిగిన యుద్ధంలోని ఫ్రెంచి జాందార్ములను, అంటే కవచపు రౌతులను తీసుకుందాం. ఫ్రాన్సు రాజు ఏడో చార్లెస్ 1445లో ఏర్పాటు చేసిన జీతపు గుర్రపు దళాల వారసులు వీళ్లు. నిలువెల్లా కవచం, చేతిలో బరువైన బల్లెం, కింద కవచం తొడిగిన పెద్ద గుర్రం. 1494 నుంచి 1559 దాకా సాగిన ఇటలీ యుద్ధాల్లో ఫోర్నోవో, రవెన్నా, మరిన్యానో లాంటి చోట్లన్నిటా వీళ్లున్నారు. 1525 ఫిబ్రవరి 24న పావియా దగ్గర మొదటి ఫ్రాన్సిస్ రాజు స్వయంగా వీళ్లను వెంటేసుకుని దూకాడు. దూకడం దూకడం తన ఫిరంగులకే అడ్డం వెళ్లాడు. ఫిరంగులు ఆగిపోయాయి, ఎదుటివాళ్ల, అంటే చక్రవర్తి ఐదో చార్లెస్ సైన్యం తుపాకులు మాత్రం ఆగలేదు. రాజు శత్రువుకు బందీగా చిక్కాడు.

రంగులేసే మనకు ఈ దళంలో ఒక సుఖముంది. దేశమంతటికీ ఒకే యూనిఫాం అన్నది అప్పటికింకా లేదు. కవచం, గుర్రం ఎవరివి వాళ్లు కొనుక్కునేవాళ్లు. కాబట్టి పక్కపక్క బొమ్మలు రెండూ ఒకేలా ఉండనక్కర్లేదు, ఉండకపోతేనే బాగుంటుంది. అందరినీ కలిపేవి రెండే: దళనాయకుడి రంగులు, ఫ్రెంచివాళ్ల గుర్తయిన తెల్ల సిలువ. పని మొదలుపెట్టే ముందు మీ దళానికి రెండు రంగులు ఎంచుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి. నేను ముదురు ఎరుపు, పసుపు తీసుకున్నాను. ఆరో బొమ్మ దగ్గర మనసు మార్చుకోవద్దు.

చూసి వేయడానికి బొమ్మ కావాలంటే పావియా తెరలను మించినవి లేవు. యుద్ధమైన కొన్నేళ్లకే బెర్నార్డ్ వాన్ ఓర్లే గీసిన నమూనాలతో బ్రస్సెల్స్‌లో నేసిన 7 పెద్ద తెరలు ఇవి, ఇప్పుడు నేపుల్స్‌లోని కాపోదిమోంతే మ్యూజియంలో ఉన్నాయి. వాటి ఫోటోలను ఫోన్లో పెద్దవి చేసి చూడండి. గుర్రాల మీది గుడ్డల మడతలు, టోపీల ఈకలు, బల్లేల పట్టీలు అన్నీ దొరుకుతాయి.

ముందు కత్తి, సబ్బునీళ్లు

28 మిల్లీమీటర్ల సైజు బొమ్మలు ప్లాస్టిక్‌లోనూ వస్తాయి, లోహంలోనూ వస్తాయి. ఏదైనా సరే అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట సన్నటి గీత మిగులుతుంది. కత్తి మొనను అడ్డంగా పట్టుకుని గీకితే పోతుంది. గుర్రం వీపు మీద గీత ఉన్నా పర్వాలేదు, జీను కింద దాక్కుంటుంది. కాళ్ల లోపలివైపు, తోక మీద, శిరస్త్రాణం నడినెత్తిన మాత్రం వదలొద్దు. వాష్ (సందుల్లోకి జారి నీడలా నిలిచే నీళ్ల రంగు) పడగానే ఆ గీతే ముందు కనిపిస్తుంది. తర్వాత గోరువెచ్చని సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో తోమి ఆరబెట్టండి.

గుర్రాన్ని, రౌతును ఇప్పుడే అతికించొద్దు. అతికిస్తే జీను పక్కలకు, కవచపు పలకల లోపలికి బ్రష్ వెళ్లదు. గుర్రాన్ని దాని బేస్ (కాళ్ల కింది పీట) మీద నిలబెట్టండి. రౌతు కాళ్ల మధ్య చిన్న రంధ్రం చేసి తీగ ముక్క గుచ్చి, ఆ తీగను పాత సీసా బిరడాలో దిగేయండి. పట్టుకోవడానికి పిడి దొరికినట్టే. గుర్రం మెడ రెండు సగాలు కలిసే చోట సందు ఉంటే ఎం-సీల్ చిటికెడు కలిపి, తడి వేలితో నునుపు చేయండి. గట్టిపడ్డాక సన్నటి గరుకు కాగితం.

బల్లెం గురించి ఇక్కడే చెప్పాలి. పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ బల్లేలు వంగిపోతాయి, లేదా ఆటలో మూడో రోజుకి విరిగిపోతాయి. అసలు బల్లెం మూడున్నర నుంచి నాలుగు మీటర్ల పొడవనుకుంటే మన సైజులో ఆరున్నర, ఏడు సెంటీమీటర్లు. కొందరు ఇత్తడి తీగ వాడతారు. నేను కొబ్బరి ఈనె వాడతాను. నవ్వకండి. బల్లెం లాగే అదీ మొదట్లో లావుగా ఉండి చివరికి సన్నబడుతుంది, ఆ ఆకారం తీగకు రాదు. నిటారుగా ఉన్న ఎండు ఈనెను ఏరుకుని, పైనున్న పీచు గీకేసి, ఫెవిక్విక్ పలచగా పట్టిస్తే రాయిలా అవుతుంది. చేతికి అడ్డుగా ఉండే గుండ్రటి లోహపు పళ్లేన్ని ప్లాస్టిక్ బల్లెం నుంచే కోసి ఈనెకు తొడగొచ్చు.

ప్రైమర్

రంగుల కంటే ముందు అడుగు పూతగా నల్ల ప్రైమర్ వేయండి. ఇనుము ఎక్కువున్న బొమ్మలకు తెలుపు మీద పని చేస్తే ప్రతి సందులోనూ తెల్లగా తొంగి చూస్తుంది. 20, 25 సెంటీమీటర్ల దూరం నుంచి, ఊపుతూ, రెండు మూడు పలచటి పూతలుగా స్ప్రే చేయండి. ఒక్కసారే ముంచేస్తే గుర్రపు కవచం మీది సన్నటి చెక్కడం పూడుకుపోతుంది.

కోస్తాలో ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక. వానాకాలంలో డాబా మీద స్ప్రే కొట్టొద్దు. గాలిలో తేమకు పూత బూడిద పట్టినట్టు తెల్లబడుతుంది. నేను ఒక జూలై సాయంత్రం ఎనిమిది గుర్రాలను అలా పాడుచేసుకుని, మళ్లీ గీకి, కడిగి, మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆ నెలల్లో బ్రష్‌తో వేసే ప్రైమర్ ఉత్తమం, కాస్త ఓపిక కావాలి అంతే.

ఎండాకాలంలో కష్టం ఇంకో రకం: పళ్లెంలో రంగు నిమిషాల్లో గట్టిపడిపోతుంది. మూత బిగుతుగా పట్టే టిఫిన్ డబ్బాలో తడిపిన టిష్యూ పేపర్ మడతలు పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగు దాని మీద పెట్టుకోండి. మూతేసి పెడితే మర్నాటికీ పనికొస్తుంది.

గుర్రం ముందు

రౌతు కొద్దీ గుర్రం అంటారు గానీ, ఈ బొమ్మల్లో గుర్రం కొద్దీ రౌతు. మూడడుగుల దూరం నుంచి కనిపించేది గుర్రమే. అందుకే నేను దళంలోని గుర్రాలన్నీ పూర్తిచేశాకే రౌతును ముట్టుకుంటాను.

కవచమున్న గుర్రానికి ఒళ్లు కనిపించేది తక్కువ: కాళ్లు, పొట్ట కింద, మూతి, కళ్ల చుట్టూ, తోక, కొన్నిటికి జూలు. పని తక్కువ కదా అని అన్నీ ఒకే గోధుమ రంగు వేసేస్తే ముందు చెప్పిన కొట్టులాగే అవుతుంది. పన్నెండు గుర్రాలుంటే ఐదారింటికి ఎర్రటి గోధుమ ఒళ్లు, నల్ల జూలు, నల్ల తోక, మోకాళ్ల కింద నలుపు వేయండి. రెండు మూడు పూర్తిగా రాగి ఎరుపువి. వీటికి జూలు, తోక కూడా ఒంటి రంగులోనే, లేదా కాస్త లేతగా ఉంటాయి, కాళ్లు నల్లగా ఉండవు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఒకటి రెండు నల్లవి, ఒకటి బూడిద రంగుది. బూడిద గుర్రానికి మూతి, మోకాళ్లు ముదురుగా ఉంచితే నిజమైన గుర్రంలా కనిపిస్తుంది. నల్ల గుర్రానికి ఉత్త నలుపు వేయకండి. నలుపులో చిటికెడు ముదురు గోధుమ కలిపి, కండరాల మీద కాస్త లేతగా తేల్చండి.

డెక్కలకూ ఒక లెక్కుంది. కాలు తెల్లగా ఉంటే డెక్క లేత కొమ్ము రంగులో, కాలు నల్లగా ఉంటే డెక్క ముదురుగా ఉంటుంది. దళనాయకుడి గుర్రాన్ని పంచకళ్యాణిని చేయాలని మనకు అనిపించక మానదు. నాలుగు కాళ్లూ తెల్లగా వేసుకోండి, ముఖం మీది ఐదో తెలుపు మాత్రం కవచం కింద దాక్కుంటుంది. మీకొక్కరికే తెలుస్తుంది.

పని వరస ఇలా. ఒంటికి బేస్ కోట్, అంటే అసలు రంగు, రెండు పలచటి పూతలు. ఆరాక ముదురు గోధుమ వాష్. అది పూర్తిగా ఆరాక మళ్లీ అదే బేస్ రంగును కండరాల ఉబ్బుల మీద మాత్రమే. చివరగా దానిలో కాస్త లేత రంగు కలిపి తొడ పైభాగం, మోకాలి గుబ్బల మీద ఒక్కో గీత. కంటికి నలుపు పెట్టి, మధ్యలో సూది మొనంత తెల్ల చుక్క. గుర్రం కంట్లో తెల్లగుడ్డు చుట్టూతా వేస్తే బెదిరిన గుర్రంలా ఉంటుంది, సీసపు గుండ్ల వానలో ఉన్న గుర్రాలకైతే తప్పేం లేదనుకోండి.

ఉక్కు

ఇక అసలు పని. మనిషి కవచం 20 కిలోల పైచిలుకు, గుర్రానిది ఇంకా ఎక్కువ. ముఖానికి ఒక పలక, మెడకు పొలుసుల్లా వరస పలకలు, రొమ్ముకు పెద్ద పలక, పిరుదులకు ఇంకొకటి. కొన్ని గుర్రాలకు ఇవి ఉడకబెట్టి గట్టిపరిచిన తోలుతోనూ చేసేవాళ్లు, తోలైతే దాని మీద రంగులు వేసేవాళ్లు. అంటే మీకు విసుగొచ్చిన గుర్రానికి ఇనుము బదులు ఎర్ర తోలు కవచం వేసుకునే వీలుంది.

ఉక్కుకు నా వంటకం: ముదురు ఇనుప రంగు రెండు వంతులు, నలుపు ఒక వంతు. సిటడెల్ వాళ్ల లెడ్‌బెల్చర్ అయినా, వల్లెహో వాళ్ల గన్‌మెటల్ అయినా సరిపోతుంది. ఈ మిశ్రమం కవచమంతా వేయండి. దాని మీద నల్ల వాష్. వాష్ పలకల అంచుల కింద నిలవాలి, పలక నడుమ గుంటగా నిలిచిపోతే తడి బ్రష్‌తో లాగేయండి. ఆరడానికి అరగంట ఇవ్వండి. తర్వాత నలుపు కలపని ఇనుప రంగును ఆకాశంవైపు చూసే చోట్ల మాత్రమే: భుజాలు, శిరస్త్రాణం పైభాగం, గుర్రం పిరుదుల పైవైపు. కిందివైపు ముదురుగానే వదిలేయండి. ఆఖరికి మంచి వెండి రంగు పలకల అంచుల మీద, మోకాలి మొనల మీద, ముఖపు పలక నడుమ గీత మీద. అంచుకు బ్రష్ మొన కాకుండా పక్కభాగం ఆనించి లాగితే చేయి వణికినా గీత తిన్నగా వస్తుంది.

ఇక్కడితో ఆపినా బాగానే ఉంటుంది. ఇంకో పావుగంట ఓపికుంటే ఒక చిన్న మాయ చేయండి. మెరిసే ఉక్కు అద్దం లాంటిది, పైన ఆకాశాన్ని, కింద నేలను చూపిస్తుంది. బాగా నీళ్లు కలిపిన నీలం పైభాగాల నీడల్లో ఒక పొర, అలాగే నీళ్లలాంటి గోధుమ రంగు కిందిభాగాల్లో ఒక పొర. రంగు వేసినట్టే తెలియకూడదు. పక్కనున్న పాత బొమ్మతో పోల్చి చూస్తే అప్పుడు తెలుస్తుంది.

అందరి ఉక్కూ ఒకేలా వద్దు. ధనవంతుడి కవచం తళతళలాడుతుంది. ఇంకొకడిది వేడితో నీలంగా మార్చినది, దానికి మామూలు ఉక్కు మీద ముదురు నీలం సిరా పలచగా వేస్తే చాలు. తుప్పు పట్టకుండా నల్లరంగు పూసిన కవచాలూ ఉండేవి, వాటికి నలుపు వేసి అంచులు బూడిదతో తేలిస్తే పని అయిపోతుంది. పన్నెండులో ఎనిమిది తెల్ల ఉక్కు, రెండు నీలం, రెండు నలుపు అనేది నా లెక్క. పసిడి అంచు కావాలంటే నాయకుడికీ, మరొక్కరికీ ఇవ్వండి. పసిడికి కింద గోధుమ రంగు వేసి పైన వేస్తే ఒక్క పూతకే నిండుగా వస్తుంది, నలుపు మీద మూడు పూతలైనా వెలవెలబోతుంది.

1500 నుంచి 1530 మధ్య జర్మనీ పనితనంలో ఒళ్లంతా సన్నటి గాళ్లు తీర్చిన కవచాలు వచ్చాయి, చక్రవర్తి మాక్సిమిలియన్ పేరుతో పిలుస్తారు. అలాంటి బొమ్మ మీ పెట్టెలో ఉంటే అదృష్టం. వాష్ వేసి, డ్రైబ్రష్ (రంగులో ముంచి దాదాపు తుడిచేసిన పొడి బ్రష్) గాళ్లకు అడ్డంగా రాస్తే మీ తరఫున అదే పని చేసుకుంటుంది.

ఒక జాగ్రత్త. లోహపు రంగులు కడిగే నీళ్ల గ్లాసు వేరే పెట్టుకోండి. ఆ మిణుకు రజను మామూలు నీళ్లలో కలిస్తే, మర్నాడు మీ గుర్రాల కాళ్లు, రౌతుల బుగ్గలు కూడా మెరుస్తాయి. లోహపు రంగు లేకుండా మామూలు రంగులతోనే ఉక్కును భ్రమింపజేసే పద్ధతి కూడా ఉంది. పోటీకి పెట్టే ఒక్క బొమ్మకైతే సరే, పన్నెండు గుర్రాలకు అది చేయాలంటే ఉద్యోగం మానేయాలి.

గుడ్డ, సిలువ, పట్టీలు

ఉక్కు మీద మన కష్టమంతా కంటికి ఆనేది పక్కన గుడ్డ ఉంటేనే. జాందార్ములు కవచం మీద కుచ్చిళ్ల గుడ్డ తొడిగేవాళ్లు, నడుము కింద లంగాలా విచ్చుకుని ఉంటుంది. గుర్రం కవచం మీద కూడా గుడ్డ కప్పేవాళ్లు. దళం రంగులు రెండూ ఇక్కడ వాడండి: ఒకరికి నిలువునా సగం ఎరుపు సగం పసుపు, ఇంకొకరికి కుచ్చిళ్లు మార్చి మార్చి, మూడోవాడికి పూర్తి ఎరుపు మీద పసుపు అంచు. దళంలో ఆర్చర్లని పిలిచే తేలిక రౌతులు మాత్రం నాయకుడి రంగుల కోటే తొడిగేవాళ్లు కాబట్టి వాళ్లందరికీ ఒకే అంగీ వేయండి. పేరుకే ఆర్చర్లు, ఈ కాలానికి చాలావరకు విల్లు వదిలేసి బల్లెం పట్టారు.

పసుపుతో తిప్పలు మీకు తెలిసే ఉంటాయి. నలుపు మీద పసుపు ఎన్ని పూతలేసినా ఆకుపచ్చ జీర తగులుతుంది. ముందు లేత గోధుమ రంగు వేసి దాని మీద పసుపు వేయండి. ఎరుపుకు వెలుగు తేవాలంటే తెలుపు కలపకండి, గులాబీ అయిపోతుంది. నారింజ కలపండి.

తెల్ల సిలువకు ఉత్త తెలుపు వద్దు. ముందు లేత బూడిదతో గీసి, లోపల కాస్త సన్నగా తెలుపు. చేయి తప్పి అంచు వంకరైతే పక్కనున్న గుడ్డ రంగుతో కోసుకుంటూ రండి. సిలువ గీయడం కంటే సిలువ చుట్టూ దిద్దడం తేలిక. ఈ పనికి మరీ సన్నటి బ్రష్ కొనొద్దు, అందులో రంగు మొన చేరేలోపే ఆరిపోతుంది. మొన బాగున్న 1 నంబరు బ్రష్ చాలు.

పగ్గాలు, కళ్లెం, జీను పట్టీలు నల్ల గోధుమ రంగులో వేసి పైఅంచు మీద లేత గీత ఒకటి. పగ్గాలు మరీ ఖరీదుగా చూపాలంటే దళం రంగే వేయొచ్చు. రికాబుకు ఒక్క వెండి చుక్క. బల్లెం పట్టీలు అరటి చెట్టుకు తీగ చుట్టినట్టు ఏటవాలుగా తిరగాలి. ముందు ఈనెకు పసుపు వేసి, సన్నటి టేప్ ముక్క చుట్టి, మిగిలిన సందుకు ఎరుపు పూసి, టేప్ లాగేయండి. చేత్తో గీస్తే మూడో చుట్టుకే దారి తప్పుతుంది. మొన ఉక్కు రంగు.

జెండా ఒక్కటి చాలు. మామూలు తెల్ల కాగితం మీద గీసి, వెనక ఫెవికాల్ పలచగా రాసి, జెండా కర్రకు చుట్టి రెండు సగాలూ అతికించండి. తడిగా ఉండగానే పెన్ను మీద అటూ ఇటూ వంచితే గాలికి ఎగిరినట్టు మడతలు పడతాయి. ఏం గీయాలంటే, ఫ్రాన్సిస్ చిహ్నం మంటల్లోని సాలమాండర్, బల్లి లాంటి జీవి. అది కష్టమనిపిస్తే నీలం మీద మూడు పసిడి లిల్లీ పూలు, ఫ్రాన్సు రాజుల గుర్తు.

అతికించడం, వార్నిష్, నేల

జీనులో, రౌతు కాళ్ల మధ్య రంగు చిన్నగా గీకేసి ఫెవిక్విక్ పెట్టండి. రంగు మీద జిగురు పట్టినా నిలవదు, రంగుతో సహా ఊడొస్తుంది. వార్నిష్ మెరుపు లేనిదే వేయాలి, చేతులు తగిలి రంగు పోకుండా కాపాడుతుంది. కానీ అది మన ఉక్కును కూడా చంపేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. కంగారుపడకండి: వార్నిష్ ఆరాక అంచుల మీద వెండి గీతలు మరోసారి వేయండి. అవి వార్నిష్ పైన ఉంటాయి కాబట్టి మెరుస్తాయి, నీడలు మెరుపు లేకుండా మసకగానే ఉండిపోతాయి. అలా రెండింటికీ మధ్య తేడా ఇంకా పెరుగుతుంది.

నేల దగ్గర పచ్చగడ్డి పొడి చేతిలోకి తీసుకునే ముందు ఆగండి. యుద్ధం జరిగింది గోడ కట్టిన మిలాన్ డ్యూకుల వేట తోటలో, ఫిబ్రవరి తెల్లవారుజామున, పొగమంచులో. ఎండు గడ్డి, తడి మట్టి ఉండాలి. బేస్ మీద ఫెవికాల్ రాసి జల్లెడపట్టిన ఇసుక చల్లి, ముదురు గోధుమ వేసి, లేత గోధుమ డ్రైబ్రష్ చేయండి. వాడేసిన టీ పొడిని బాగా ఎండబెట్టి అక్కడక్కడా చల్లితే రాలిన ఆకుల్లా ఉంటుంది. నిజంగా ఎండాలి, లేకపోతే నెలకి బూజు పడుతుంది. అదే మట్టి రంగు గుర్రం కాళ్లకు, గుడ్డ అంచులకు స్పాంజి ముక్కతో తట్టండి. ముందువరస గుర్రాలకు తక్కువ, వెనకవాటికి ఎక్కువ. ముందువి ఎగజిమ్మిన బురదే కదా అది.

నాలుగేసి గుర్రాల చొప్పున చేస్తే నాకు ఒక్కో బొమ్మకు సుమారు మూడు గంటలు పడుతుంది. పన్నెండూ ఒక్కసారే మొదలుపెడితే ఉక్కు దగ్గరే విసుగొచ్చి ఆపేస్తారు.

ఎదుటి పక్షానికి ఇంత కష్టం లేదు. ఐదో చార్లెస్ సైన్యం రాత్రివేళ తోట గోడ పగలగొట్టి లోపలికి వచ్చింది. చీకట్లో ఒకరినొకరు గుర్తుపట్టడానికి కవచాల మీద తెల్ల చొక్కాలు తొడుక్కున్నారు. వాళ్ల రౌతులకు లేత బూడిద బేస్, గోధుమ వాష్, మడతల మీద తెలుపు, మెడ దగ్గరా మోచేతుల దగ్గరా కనిపించే ఉక్కు కాస్త. నాలుగు గుర్రాలు ఒక ఆదివారంలో అయిపోతాయి.